తాడు చివర

ఇంటర్ రెండోసారి తప్పిన ఏడాది, అంతర్వేదిలో రాజోలు బస్సుకి ఇంకా వేళ కాలేదని సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. పదిమంది జాలర్లు వల తాడు పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఒడ్డుకు లాగుతున్నారు. నేనూ ఓ చెయ్యి వేశాను. తాడు చివరకు చేరగానే నా వంతు అయిపోయిందని వదిలేసి పక్కకు తప్పుకున్నాను.

ముసలి జాలరి ఒకాయన నవ్వాడు. “అయిపోలేదండి. చివరికొచ్చినోళ్ళు మళ్ళీ నీళ్ళకాడికెళ్ళి మొదట పట్టుకోవాలండి.”

“ఎన్నిసార్లు?”

“వల ఒడ్డెక్కేదాకానండి.”

వెళ్ళి పట్టుకున్నాను. ఎన్నిసార్లు తిరిగానో, చివరికి వల వచ్చింది. “తాడు పట్టినోళ్ళందరికీ వాటా ఉంటాదండి” అంటూ ఆయన తాటాకులో నాలుగు చేపలు చుట్టిచ్చాడు.

రాజోలులో దిగి, ఇంటికి పోకుండా నేరుగా కాలేజీకి వెళ్ళి మూడోసారి పరీక్షకు దరఖాస్తు నింపాను. గుమస్తా ఆ కాగితం అందుకుని ముక్కు మూసుకున్నాడు.