కోర్టుకెక్కిన నా స్మైలీ

మా అమ్మకి కూడా ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. నేను పంపిన స్మైలీ ఒకటి అమెరికా ఫెడరల్ కోర్టు రికార్డుల్లో శాశ్వతంగా పడి ఉంది. దాని పుణ్యమా అని ఒక మనిషి కేసు నిలువునా మునగబోయింది.

ఆ మనిషి మా తెలుగు చర్చిలో అందరూ ఎరిగిన గ్రేస్ ఆంటీ. ఆపరేషన్‌కి సెలవు పెడితే, చెప్పిన రోజుకి రాలేదని కంపెనీ ఉద్యోగం పీకేసింది. ఆంటీ దావా వేసింది. ఆమె లాయర్ లిండా. జెర్సీ సిటీలో లిండా ఆఫీసులో పారాలీగల్‌ని, అంటే లాయర్‌కి సహాయకురాలిని నేను. జడ్జి పెట్టిన గడువులకి కాపలా కాయడం నా పని. ఫలానా తేదీలోగా రెండు పక్షాలూ కాగితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, సాక్షుల్ని ప్రశ్నించడం ముగించాలి. ఆ తేదీ దాటితే జడ్జి దయ, మన ప్రాప్తం. అలాంటి కాపలాకి ఎవరిని పెట్టారు? కాఫీ షాపులో వేరేవాళ్ల కాఫీ చేతికిస్తే థాంక్యూ చెప్పి తాగేసే నన్ను!

అవతల, కంపెనీ లాయర్ ఆఫీసులో నాలాంటి ఉద్యోగి బ్రాడ్. కంపెనీ కాగితాలు అతనే పంపాలి.

"సారీ, మా సర్వర్ డౌన్. ఇంకో వారం ఇవ్వగలవా?"

"అయ్యో, పర్వాలేదు."

"మా లాయర్ వెకేషన్‌లో ఉన్నారు. ఇంకొంచెం..."

"పర్వాలేదండీ."

"మా పిల్లికి ఆపరేషన్."

నవ్వకండి, ఆ పిల్లి కోసం నేను ప్రార్థన కూడా చేశాను. చేసి, ఈమెయిల్ పెట్టాను: "తొందరేం లేదు, నిదానంగా పంపండి." చివర ఒక స్మైలీ. "యూ ఆర్ ద బెస్ట్!" అన్నాడు దొంగవెధవ. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఆంటీ గడువు నేను దానం చేశాను!

ఆఖరి రోజు సాయంత్రం దిగాయి కాగితాలు, వేల పేజీలు. అవి చదవకుండా ఆంటీ మేనేజర్‌ని ఏమని ప్రశ్నిస్తాం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గడువు పెంచమని లిండా జడ్జిని కోరింది. అవతలి లాయర్ కుదరదన్నాడు. తన జవాబుకి నా ఈమెయిల్ తగిలించి, ఎగ్జిబిట్ ఏ, అంటే మొదటి సాక్ష్యం అని నామకరణం కూడా చేశాడు.

విచారణ ఫోన్‌లో జరిగింది. జడ్జి గారు చదివారు. "'తొందరేం లేదు, నిదానంగా పంపండి.' ఆ పక్కనున్నది... నవ్వు ముఖమా?"

లిండా నా వైపు చూసింది. నేను టేబుల్ కిందికి చూశాను, దూరడానికి చోటుందేమోనని.

అవతలి లాయర్ రెచ్చిపోయాడు. "తొందర లేదంటే ఎవరైనా నమ్ముతారు, యువర్ ఆనర్! నమ్మడం మా తప్పా? కోర్టుకి రాతపూర్వకంగానూ అదే చెప్పాం."

"మీరే అడిగి తీసుకున్న టైమ్‌ని వాళ్ల నెత్తినే రుద్దుతారా? ఒక నెల ఇస్తున్నాను. మళ్లీ అడగొద్దు," అన్నారు జడ్జి.

ఆ నెలలోనే మేనేజర్‌ని కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, లిండా అడిగింది. "ఆపరేషన్ తర్వాత గ్రేస్ ఫోన్ చేస్తే ఏమన్నారు?"

"తొందరేం లేదు, నిదానంగా రమ్మన్నాను. అదేదో మర్యాదకి అనే మాట. అలాంటివి ఎవరైనా నమ్ముతారా?"

అవతలి లాయర్ కోర్టుకిచ్చిన జవాబు కాగితాన్నే లిండా అతని ముందుకి జరిపింది. "మీ లాయర్ నమ్ముతారు. కోర్టుకి రాసిచ్చారు కూడా."

పక్కనే కూర్చున్న ఆ లాయర్ ముఖం చూడాలి మీరు! బ్రాడ్ పిల్లికి కూడా అంత కష్టం వచ్చి ఉండదు.

ఆ వారమే రాజీకి వచ్చారు. ఆంటీ ఉద్యోగం ఆంటీకి దక్కింది. నన్నెవరైనా మెచ్చుకున్నారా? ఎక్కడి మాట! "అదృష్టాన్ని తెలివి అనుకోకు," అంది లిండా, కంప్యూటర్ మీద నుంచి తల కూడా ఎత్తకుండా. ఆ కోపంలోనే నా డైరీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట ఏ మనిషికీ, ఏ పిల్లికీ నాది కాని టైమ్ దానం చేయను. స్మైలీ అసలు పెట్టను.

మర్నాడు గ్రేస్ ఆంటీ ఆఫీసుకి డబ్బా నిండా గారెలు తెచ్చింది. ఈమెయిల్ రాసింది నేనేనని ఆమెకి తెలుసు. తలెత్తలేకపోయాను. ఆంటీ ఒక గారె నా చేతిలో పెట్టింది.

"తిను తల్లీ, తొందరేం లేదు, నిదానంగా..." అంటూనే నాలుక కరుచుకుంది. "వద్దొద్దు! నువ్వు మాత్రం తొందరగా తిను!"