రంగు దొరకని డోజర్

బీర్పూర్ పొలాల మీద మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. ఆ తెల్లదనంలో ఎక్కడి నుంచో గజ్జెల చప్పుడు. ఎడ్లబండి వస్తోందనుకుని బాట పక్కకు జరిగాను. గజ్జెల వెనక ఇంజను మోత వచ్చింది. మోత వెనక, ముందు వెడల్పాటి ఇనుప రేకు బిగించిన ట్రాక్టర్. దాని మీద చెవులకు మఫ్లర్ చుట్టుకుని జాన్.

మట్టిని నెట్టే ఆ రేకున్న ట్రాక్టర్‌ను ఇక్కడ డోజర్ అంటారు. ఎత్తును కోసి పల్లంలో పోయడం, మడిని నీళ్లు సమంగా నిలిచేలా చదును చేయడం జాన్ పని. అతని తాతముత్తాతలకు గుంటెడు భూమి కూడా లేదు. కోరుట్లలో అద్దె ఇల్లు. అయినా రోజుకో పొలం పొద్దున అతని చేతిలోకి వస్తుంది, సాయంత్రానికి అద్దమై వెళ్లిపోతుంది.

చిక్కల్లా అతని పేరు ఎవరికీ గుర్తుండకపోవడమే. వానాకాలం కోతలకూ యాసంగి నాట్లకూ నడుమ నెల రోజులే పని. "మొన్నొచ్చిన డోజరాయన మంచిగ కొట్టిండు" అని రైతు పక్కవాడికి చెప్పేవాడు. పక్కవాడు ఇంకో డోజర్‌ను పిలిచేవాడు. నిరుడు సగం రోజులు బండి ఇంటి ముందే నిద్రపోయింది. ఈసారీ అంతే అయితే దాన్ని అమ్మేసి, మునుపటిలా వేరేవాళ్ల ట్రాక్టర్‌కు డ్రైవర్‌గా పోవాలి.

అందుకే ముందు జగిత్యాల వెళ్లి 'జాన్ ల్యాండ్ సర్వీసెస్' అని స్టిక్కర్ వేయించాడు. వారంలో పదకొండు ఫోన్లు వచ్చాయి. అందరూ అడిగింది ప్లాటు గజం ఎంతని.

తర్వాత భార్య రాధిక ఒక ఉపాయం చెప్పింది. చదును చేసిన మడికి నాలుగు మూలలా చిన్న జెండాలు పాతి రావాలి. చూసినవాళ్లు ఎవరి పనో అడుగుతారు. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల, సాంచాలనే మరమగ్గాల చప్పుడే జోలపాటగా పెరిగిన మనిషి. తెలిసినవాళ్ల సాంచాల దగ్గర మిగిలిన గుడ్డ తాను ఒకటి తెచ్చి జెండాలు కుట్టింది. రంగు పేరు రాయను. రాస్తే నాకూ తిప్పలే.

మొదటి జెండాలు బీర్పూర్‌లో భూమయ్య మడిలో లేచాయి. ఊళ్లో ఆయన ఏ డోజర్‌ను పిలిస్తే అందరూ దాన్నే పిలుస్తారు. పొద్దున్నే ఫోన్.

"ఏం రా జాన్, మా కోడలు సర్పంచికి నిలవడ్డది ఎర్కేనా?"

"ఎర్కే బాపూ."

"ఎర్కుండే నా మడిల అవుతలి పార్టోళ్ల జెండాలు పాతినవా? భూమయ్య అమ్ముడువోయిండని ఊరంత నవ్వుతున్నరు. నువ్వద్దు, నీ డోజరద్దు!"

ఇంట్లో రంగుల వేట మొదలైంది.

"పచ్చ?" అంది రాధిక.

"గది ఒగలది."

"నీలం?"

"గది ఇంకోలది."

"పోనీ, తెల్లది?"

"తెల్లది పెడితె పొలంల ఎవలో సచ్చిపోయిన్రనుకుంటరు."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న జాన్ తల్లి కనకవ్వ తలెత్తలేదు. "రంగులన్ని ఆళ్లే పంచుకున్నరు కొడుకా. సప్పుడు మిగిలింది గదా."

కనకవ్వ పుట్టింది బీర్పూర్‌లోనే. పరాయి పొలాల్లో నడుం వంచి నాట్లేసిన రోజుల్లో, వెనక బాటలో పోయే ఎడ్లు ఎవరివో గజ్జెలను బట్టే చెప్పేది. ఆమెకు ఆ ఊరు చెవుల్లో ఉంది.

మరునాడు కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి, పీకిన జెండాలు భూమయ్య ముందు పెట్టింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆమె చూపు ఖాళీ ఎడ్ల కొట్టంలో గుంజకు వేలాడుతున్న గజ్జెల పట్టెడ మీద పడింది. వెళ్లి వేలితో ఒకసారి కదిపింది.

"అన్నా, గివ్వి మీ తెల్లెడ్లయే గదా?"

"నీకెట్ల ఎర్క?"

"ఒక్క గజ్జె పలిగింది. గది బొంగురుగ మోగుతది. అది ఇనవడంగనే మేం నాటు జోరుగ ఏసేటోళ్లం, నువ్వస్తున్నవని."

భూమయ్యకు నవ్వాగలేదు. పట్టెడను తీసి, కండువాతో దుమ్ము దులిపాడు. చాలాసేపు దులిపాడు. దాన్ని కొడుకు డోజర్‌కు కట్టుకుంటామని కనకవ్వ అడిగింది.

"ఎడ్లు పోయి ఆరేండ్లాయె. తీస్కపోండ్రి. గని ముందుగాల నా మళ్లు కావాలె, గటెన్కనే ఇంకోలయి."

ఆ పట్టెడ ఇప్పుడు ట్రాక్టర్ మూతి మీద ఉంది. పగిలిన గజ్జెను జాన్ మార్చలేదు. చప్పుడు వినగానే ముసలివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి, లేని ఎడ్ల కోసం ఒక క్షణం చూస్తారు. తర్వాత చెయ్యెత్తి పిలుస్తారు, తమ మడి కూడా చూడమని. నాట్లు పడేదాకా అతనికి ఒక్క రోజూ ఖాళీ లేదు. జెండాలు దిండు గలీబులయ్యాయి. ఓట్లు అయ్యేదాకా వాటిని బయట ఆరేయకూడదని రాధిక ఆజ్ఞ.

ఆ మంచు పొద్దున అతని గురించి రాస్తానన్నాను. జాన్ సిగ్గుపడి బండిని కదిలించాడు. గజ్జెలు ముందుకు సాగాయి. వాటి మీదుగా కేకేశాడు:

"రాయుండ్రి సార్! గని ఉత్త జాన్ అని రాయకుండ్రి. గజ్జెల డోజర్ అని పెట్టుండ్రి. జాన్ అంటె ఇప్పుడు మా అవ్వ సుత ఏ జాన్ అని అడుగుతాంది!"