పుట్టికి నీళ్లు తాపిన పొద్దు

సుగుణ పోయిన మూడో నెలలో గద్వాల నుంచి ఆమె తల్లి నాకు కబురు పంపింది. తెచ్చిన బంధువు ఆవిడ మాటలనే అప్పజెప్పాడు: "నా బిడ్డ దేవుని గురించి ఏందో చెప్తుండె, నాకు సమజ్ గాకపోతుండె. నువ్వు ఆమెతోని సదివినవు గద. ఒక్కసారి వచ్చి చెప్పి పో." ఈ ప్రయాణానికి కారణం ఇంతే. సుగుణా నేనూ మద్రాసులో ఒకే గదిలో ఉండి తత్వశాస్త్రం చదువుకున్నాం. నేను హైదరాబాదులో పాఠాలు చెప్పడానికి వచ్చాను, ఆమె వనపర్తిలో ఆడపిల్లల బడి చూసుకోవడానికి వెళ్లింది. మొన్నటి వానల్లో జ్వరం వచ్చి, దగ్గర ఎవరూ లేని వేళ పోయింది. కృష్ణ పొంగి రేవు నడవని రోజులవి. తల్లి రైలు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేసరికే అంతా అయిపోయింది.

కాచిగూడలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం దాటాక వనపర్తి రోడ్డు స్టేషనులో దిగవచ్చు. అక్కడి నుంచి ఊరికి బస్సు, నిజాం సర్కారు హాలీ సిక్కాలో ఆరణాలు. ఈ యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. వెనక తగిలించిన పొయ్యి రాజుకునేదాకా ప్రయాణికులు చెట్టు నీడ వెతుక్కోవాలి, కాస్త ఎత్తు వచ్చినా దిగి నడవాలి. "దిగుండ్రమ్మా, జర దాన్ని దమ్ము తీసుకోనియ్యుండ్రి," అన్నాడు డ్రైవరు. "మొన్నటిదాకా నూనె తాగె. గిప్పుడు బొగ్గు బుక్కుతున్నది, గొంతు పట్టేసింది." అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అలవాటుగా పక్కకు తిరిగాను. ఇలాంటి మాటలు దాచుకుని చెప్పుకోవడానికి నాకు ఒక మనిషి ఉండేది.

వనపర్తిలో బడివాళ్లు సుగుణ ట్రంకు పెట్టె అప్పగించారు. ఆ రాత్రి ఆమె గదిలోనే పడుకోమన్నారు, పడుకున్నాను. కిటికీ దగ్గర రెండు కుర్చీలున్నాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా మేం ఎదురెదురుగా కూర్చుని తగువులాడినవే. కుమ్మరి కుండ చేసి పక్కన పెట్టినట్టు దేవుడు లోకాన్ని చేసి దూరంగా ఉన్నాడని కొందరంటారు. లోకమే దేవుడు, అంతకు మించి వేరే లేడని కొందరంటారు. సుగుణకు రెండూ నచ్చేవి కావు. లోకమంతా దేవునిలోనే ఉంది, లోకంలో ప్రతిదానిలోనూ దేవుడున్నాడు, అయినా లోకంతో ఆయన అయిపోడు, ఇంకా మిగిలే ఉంటాడు అనేది. "అయితే లోకంలోని బాధ కూడా ఆయనలోనే ఉందా?" అని నేను అడ్డం పడేదాన్ని. "ఉంది. ఆయనకూ తగులుతుంది," అనేది తడుముకోకుండా. నేను ఒప్పుకోలేదు. కాదనీ రుజువు చేయలేకపోయాను. ఇప్పుడు ఆ మాట ఆమె తల్లికి చెప్పాలి. నమ్మినట్టు నటించి చెప్పలేను, నమ్మలేదు గనక చెప్పకుండా రాలేను.

మర్నాడు పొద్దున్నే పెబ్బేరు దాకా బస్సు, అక్కడి నుంచి ఎడ్లబండి. బీచుపల్లి రేవు చేరేసరికి ఎండ ఎక్కింది. వానలు వెనకపట్టి నీళ్లు తేరుకున్నాయి. ఒడ్డున వెదురుబుట్టలాంటి గుండ్రని పుట్టి బోర్లించి ఉంది, అడుగున తోలు కప్పి. పుట్టి నడిపే సాయన్న దాన్ని వెల్లకిలా తిప్పి, కడవతో నది నీళ్లు తెచ్చి లోపల పోయసాగాడు. నేను కంగారుపడ్డాను.

"అదేమిటయ్యా, మేం కూర్చునే చోట నీళ్లు పోస్తావు?"

"నీళ్లు తాపుతున్ననమ్మా. రెండు దినాలు ఎండల ఉన్నది. ఎండిన తోలు కారుతది, నానితే ఉబ్బి బిగుస్తది."

"పట్నం దొరసానికి చీర రంది," అంది అయిజ సంతకు పోతున్న నర్సమ్మ, చంకలో కోడిపుంజుతో. "నీ చీర తడిస్తే ఆరుతదమ్మా. మనం మునిగితే ఎవలు ఆరేస్తరు?"

సాయన్న కాసేపు ఆగి, నీళ్లు చాలావరకు వంపేసి, పాదాలు తడిసేటన్ని ఉంచాడు. ట్రంకు పెట్టెను ఒక పలక మీద పెట్టించి ఎక్కాను. నడుమకు వచ్చాక పుట్టి మెల్లగా తిరిగింది, రెండు ఒడ్లూ మా చుట్టూ తిరిగాయి. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కిందికి చూస్తుంటే ఒక్కసారిగా సుగుణ మాట తట్టింది. నదిలో పుట్టి ఉంది. నది కొంచెం పుట్టిలోనూ ఉంది, అందుకే అది తేలుతోంది. ఉండబట్టలేక పైకే అన్నాను: "లోపలా కృష్ణే, బయటా కృష్ణే."

"అమ్మో, రెండూ ఒక్కటే అనకు! సాయన్న వింటే తెడ్డు ఇడిసిపెడతడు," అంది నర్సమ్మ. పుంజు కూడా కూసింది. నవ్వుతూనే నేను ఆ మాట పట్టుకున్నాను. లోపల ఉన్నది నదే. కానీ నది అంటే లోపల ఉన్నది మాత్రమే కాదు. ఆవలి ఒడ్డు చేరేదాకా చెప్పవలసిన వాక్యాలు కూర్చుకున్నాను.

అవతల బండి మాట్లాడుకుంటే పొద్దు వాలేసరికి గద్వాల చేరవచ్చు. మట్టికోట వెనక సందులో సుగుణ తల్లి అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. పెట్టె మూత మీద ఒకసారి చేయి వేసింది, తెరవలేదు. "కాళ్లు కడుక్కో బిడ్డా," అని నీళ్లిచ్చి, మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. "ఇగ చెప్పు."

చెప్పాను. లోకం ఆ పుట్టి లాంటిది, దేవుడు ఆ నది లాంటివాడు అన్నాను.

"గా నదే గద, నన్ను దాటనియ్యంది," అంది ఆవిడ.

దారంతా కూర్చుకున్న పోలిక ఆవిడ ముందు ఎలా నిలబడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆవిడే మళ్లీ అడిగింది. "పుట్టిల ఉన్నోళ్ల కష్టం నదికి తెలుస్తదా?"

"తెలియదమ్మా. అక్కడ నా పోలిక తప్పు. సుగుణ దేవునికి తెలుస్తుందనేది. ఎవరికి నొప్పి కలిగినా ఆయనకూ తగులుతుందనేది."

చాట ఆగింది. "నా బిడ్డ జరంతోని కాగుతుంటే?"

"ఆయన కూడా కాగాడనే అనేది."

"నువ్వేమంటవు?"

"నాకు తెల్వదమ్మా," అన్నాను. ఆవిడ మాటతీరే నా నోట వచ్చింది.

ఆవిడ మళ్లీ చాట కదిపింది. "అట్లయితే నా బిడ్డ ఒక్కతే లేకుండె అన్నట్టు," అంది. తర్వాత జొన్నల్లోంచి ఒక రాయి ఏరి పారేసి, "నువ్వు నమ్మకున్నా సరే బిడ్డా. ఆమె మాట తెచ్చిస్తివి. నాకు గంతే చాలు," అంది.

తిరుగు ప్రయాణం గద్వాలలోనే రైలెక్కి చేశాను. వంతెన మీద బండి మోగుతుంటే కింద కృష్ణ అంత వెడల్పునా కనిపించింది, రేవు మాత్రం కనబడలేదు. సుగుణ చెప్పింది నిజమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. అది నిజమైతే ఆ రైలుపెట్టెలో నా ఎదుటి బల్ల ఖాళీ కాదు. నాకు మాత్రం ఖాళీగానే కనిపించింది. అయినా అటువైపే తిరిగి కూర్చున్నాను, ఎవరో అడ్డం పడి మాట్లాడతారన్నట్టు.

గద్వాల వెళ్లదలచినవారికి రైలే సుఖం. రేవు దాటాలనుకుంటే మాత్రం పొద్దున్నే వెళ్లండి, త్వరగా ఆరే నేత చీర కట్టుకోండి, పుట్టిలో నీళ్లు చూసి వెనక్కి తగ్గకండి. నీళ్లు తాపని పుట్టి ఎక్కవద్దు.