రేపల్లె అక్క ఫ్లాపీలు

మొన్న మా కోడలు హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే, కళ్ళజోడు వెతుక్కుంటూ అటుగా వెళ్ళినవాణ్ణి ఆమె ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు చూసి అక్కడే నిలబడిపోయాను. ఆ అమ్మాయి పైబాణం మీట ఒకసారి నొక్కితే నిన్న తను చివరగా టైపు చేసిన ఆజ్ఞ వచ్చింది, మళ్ళీ నొక్కితే అంతకు ముందుది, ఇంకోసారి నొక్కితే దాని ముందుది, అలా అది తను చేసిన పనులన్నీ ఒక్కొక్కటే ఒప్పజెబుతుంటే పక్క కుర్చీలో కూలబడ్డాను. బీపీ మాత్ర వేసుకున్నారా అని కంగారుగా అడిగింది. వేసుకున్నానమ్మా అని ఊరుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా ఊరుకోవడం బాగా అలవాటైన వాణ్ణి కదా.

టైపు ఇన్‌స్టిట్యూట్లన్నీ ఒక్కొక్కటిగా బోర్డు మార్చుకుని కంప్యూటర్ సెంటర్లయిన రోజులు మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. తెనాలిలో మా మేష్టారు కూడా అలాగే పదిహేను టైపు మిషన్లు తీసేసి రెండు కంప్యూటర్లు పెట్టారు. ఊళ్ళో మిగతా సెంటర్ల వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దొంగ కాపీలు తెచ్చి వేసుకుంటుంటే, ఆయన మాత్రం ఏదో పత్రికతో వచ్చిన సీడీలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పట్టుకుని, దానితో నెల రోజులు కుస్తీ పట్టి, చివరికి నల్ల తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటుంటే మనవడు పుట్టినంత సంబరపడ్డారు. ఇది రాసినవాళ్ళు తమ రాత దాచుకోకుండా మన చేతిలో పెట్టారు, మనం ఇంకొకరి చేతిలో పెట్టాలి, అదొక్కటే షరతు అని క్లాసు మొదట్లో చెప్పేవారు. రెండో పాఠం కూడా ఉండేది. ఆజ్ఞ ఇచ్చే ముందు ఏ ఫోల్డరులో ఉన్నావో అడుగు, అడగనిదే ఆ యంత్రం చెప్పదు, చెరిపెయ్యమంటే మారు మాట్లాడకుండా చెరిపేస్తుంది అనేవారు. దాని కోసం మూడక్షరాల ఆజ్ఞ ఒకటుండేది. నేను అక్కడ చదువుకుని అక్కడే పాఠాలు చెప్పేవాడిగా కుదురుకున్నాను కనుక, నాకిక అడగాల్సిన పనేముందని అనుకునేవాణ్ణి.

సెంటర్లో నేను అక్కా అని పిలిచే ఆవిడ రేపల్లె నుంచి రోజూ పాసింజరులో వచ్చేది. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది, భర్త పోయాడు, ఒక కూతురు. వాళ్ళ చర్చిలోని పాత బాప్తిస్మ పుస్తకాలు చెదలు పట్టిపోతున్నాయని సంఘ పెద్దలు మేష్టారికి అప్పగిస్తే, వాటిని టైపు చెయ్యడానికి చేరింది. అప్పట్లో మా కంప్యూటర్లకు తెలుగు రాదు కాబట్టి పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేది. ఒక మనిషికి ఒక వరుస, అందులో పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ, అంతే. ఏ హంగూ లేని ఆ ఫైలు నుంచి ఏం కావాలన్నా ఒక్క ఆజ్ఞతో బయటికొచ్చేది. ఒకసారి అడవులదీవి నుంచి ఒక పెద్దాయన తన తల్లి పేరు ఉందేమో చూడమని వచ్చాడు. తెప్పించిన టీ చల్లారక ముందే అక్క ఇంటిపేరు టైపు చేసి ఆవిడ వరుస తెర మీదికి రప్పిస్తే, ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. అన్నిటికన్నా పాత పుస్తకం మాత్రం పేజీ తిప్పితే పొడిపొడిగా రాలిపోయేది. ఒక్కసారి తిప్పడానికే అది నిలిచింది. అందులో వాళ్ళ అమ్మమ్మ పేరు దొరికిన రోజున అక్క నన్ను పిలిచి మరీ చూపించింది.

శనివారం సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు ఆ వారం దాకా టైపు చేసినవన్నీ ఫ్లాపీల్లోకి కాపీ తీసి, రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టడం అక్క పద్ధతి. ఆ సొరుగు మీదే పడింది నా కన్ను. బాపట్లలో ఉన్న నా స్నేహితులకు మా సాఫ్ట్‌వేర్ ఇవ్వాలని నాకొకటే ఉబలాటం, వాళ్ళ కంప్యూటరుకు సీడీ పెట్టే వీలు లేదు, ఫ్లాపీలేమో చాలలేదు. ఒక శనివారం అక్క రైలుకు వెళ్ళగానే ఆ కట్ట తీసి, అక్క ఎక్కించినవి చెరిపేసి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. అసలు ఫైలు కంప్యూటర్లో ఉండనే ఉంది, సోమవారం అక్క రాకముందే మళ్ళీ కాపీ తీసి పెడితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పదిమందికీ పంచిపెట్టే మంచి పని చేస్తున్నానన్న గర్వం కూడా ఉంది, దాచడమెందుకు. ఆదివారమంతా బాపట్లలో నన్ను మోసినంత పని చేశారు, రాత్రికి ఫ్లాపీలతో తిరిగొచ్చాను.

సోమవారం పొద్దున్నే తాళం తీసి, అక్క ఫైళ్ళు ఎన్ని ఫ్లాపీలకు వస్తాయో చూద్దామని అక్క ఫోల్డరులోకి వెళ్ళాను. అంతలో ముందు ఫ్లాపీ ఖాళీ చెయ్యాలి కదా అని గుర్తొచ్చింది. ఒక ఫ్లాపీ కంప్యూటర్లో పెట్టాను, ఫ్లాపీలోనే ఉన్నాననుకుని అన్నీ చెరిపెయ్యమన్న ఆజ్ఞ కొట్టాను. ఎక్కడున్నానో అడగలేదు. అది ఒక్క మాట ఎదురు చెప్పకుండా పదకొండు నెలల పేర్లు చెరిపేసి, తరువాతేంటన్నట్లు గీత మిణుకుమంటూ కూర్చుంది.

పొరపాటు అంతవరకే. ఆ తరువాత చేసింది తెలిసి చేసిన తప్పు. అందరం ఒకే పేరుతో లోపలికి వెళ్ళేవాళ్ళం కాబట్టి పైబాణం నొక్కితే ఆ ఆజ్ఞ బయటపడుతుంది. ఆ జాబితాను ఖాళీ చేసే కిటుకు మేష్టారు నాకు ఒక్కడికే నేర్పారు. ఖాళీ చేశాను. అన్ని ఫ్లాపీలూ తుడిచేసి, అదే రబ్బరు బ్యాండు వేసి, అదే సొరుగులో పెట్టి, అక్క వచ్చేసరికి తడిగుడ్డతో బల్లలు తుడుస్తున్నాను.

మేష్టారు వారమంతా వెతికారు. ఫ్లాపీలు కూడా ఖాళీగా ఉండటంతో, అసలు నువ్వెప్పుడైనా కాపీ తీశావా అమ్మా అని అక్కనే అడిగారు. తీశానండి, చెరపలేదండి అని రెండు ముక్కలే చెప్పి అక్క నా వైపు చూసింది. నేను ప్రింటరు కాగితం సర్దుతున్నాను. శనివారం సంఘ పెద్దలు వచ్చి మిగిలిన పుస్తకాలు తీసుకెళ్ళిపోయారు, అక్కను ఇక రానవసరం లేదన్నారు. పాత పుస్తకం అట్ట మాత్రమే మిగిలింది. నేను ఆ ఏడాదే బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో కుదిరి, రిటైరయ్యేదాకా పిల్లలకు అవే ఆజ్ఞలు నేర్పాను. ఆ మూడక్షరాల ఆజ్ఞ బోర్డు మీద రాసిన ప్రతిసారీ వాళ్ళకు వీపు చూపించి నిలబడేవాణ్ణి.

కోడలి తెర చూసిన నాలుగో రోజున రేపల్లె పాసింజరెక్కాను. అక్క ఇప్పుడు కూతురింట్లో ఉంటోంది, మోకాళ్ళ నొప్పులు. ఏంటి తమ్ముడూ, ఇంత ఎండలో వచ్చావు అని మజ్జిగ ఇప్పించింది. గ్లాసు కింద పెట్టకుండానే అంతా చెప్పేశాను. అక్క చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

“తెలుసు తమ్ముడూ. ఆ సోమవారం పొద్దున్నే బాణం నొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట శనివారం నేను కొట్టింది రావాలి కదా. ఏమీ రాలేదు. దాన్ని ఖాళీ చెయ్యడం నాకు రాదు, మేష్టారు నీకే నేర్పారు.”

మరి ఎందుకు చెప్పలేదక్కా అన్నాను.

“నువ్వే చెబుతావనుకున్నా. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకుంటూ శనివారం దాకా చూశా. పేర్లు పోయినందుకన్నా దానికే ఎక్కువ ఏడ్చానయ్యా.”

క్షమించానని అనలేదు. నేనూ అడగలేకపోయాను. మేష్టారు పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆయనకు చెప్పుకునే వీలు కూడా లేదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, అక్క రోజూ ఈ దారినే వచ్చేది కదా అనుకుంటూ తెనాలి దాకా వచ్చాను.

ఇప్పుడు ఫోనులో ఒక ఫోటో తీసెయ్యబోతే నిజంగానే తీసెయ్యమంటారా అని అది అడుగుతుంది, తీసేసినా నెల రోజులు ఎక్కడో దాచి ఉంచుతుంది. ఆ రోజుల్లో యంత్రం ఒక్కసారి కూడా అడిగేది కాదని మా కోడలికి గొప్పగా చెబుతుంటాను. అడిగి ఉంటే ఆ పేర్లు మిగిలేవేమో కానీ, నా సంగతి మాత్రం వేరు. సోమవారం నుంచి శనివారం దాకా పక్క కుర్చీలో కూర్చుని అక్క రోజూ చూపుతో నన్ను అడుగుతూనే ఉంది.