మా మేనత్త విప్పిన బొంత

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతికారు. ఒకరు నన్ను కన్న అవ్వ. ఇంకొకరు బాపు చెల్లెలు, మా మేనత్త. ఆ ఇద్దరి మధ్య పెరిగినదాన్ని కాబట్టి పగ అంటే ఏమిటో నాకు బళ్లో చేరకముందే తెలుసు. పగ పట్టినవాళ్లు ఎలా నడుచుకోవాలో మాత్రం ఆ చలికాలంలోనే తెలిసింది.

మాది ఇచ్చోడ. బాపు ఊళ్లో వాళ్ల పత్తిని బండికెత్తి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు తోలేవాడు. అత్తను చెన్నూరు ఇచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకే మామ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అత్తవారింట్లో నిలవనియ్యలేదు. ఒక ఇనుప సందుగ నెత్తిన పెట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చేసింది. అవ్వకు అది మొదటినుంచీ ఇష్టం లేదు. అత్త తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చేది, నీళ్లు తెచ్చేది, ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినేది. అయినా అవ్వ కంటికి ఆమె ఒక అదనపు మనిషిగానే కనిపించేది.

మా దిక్కు చలి ఎముకల్లోకి దిగుతుంది. అందుకే ప్రతి ఇంట్లోనూ బొంతలు కుట్టుకునేవాళ్లం. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, ఈ అంచునుంచి ఆ అంచుదాకా సన్నని కుట్టు వేసుకుంటూ పోవాలి. మా ఊళ్లో మరాఠీ మాట్లాడేవాళ్లు వాటిని గోదడి అంటారు. బొంత కుట్టడంలో అవ్వను మించినవాళ్లు ఊళ్లో లేరు. ఆమె కుట్టు వరి నాటు వేసినట్టు వరస తప్పేది కాదు. ఆ సంగతి అవ్వకూ బాగా తెలుసు.

ఆ ఏడు పంచాయతీ సమితి నుంచి వచ్చే గ్రామసేవిక మహిళా మండలిలో ఒక మాట చెప్పింది. పంటలు ఇంటికొచ్చాక బళ్లో ఆడవాళ్ల చేతిపనులు అన్నీ పెడతారట, పెద్దవాళ్లు వచ్చి చూస్తారట, మంచిదానికి బహుమతి ఇస్తారట. అవ్వ ఆ రోజే బట్టలు ఏరడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఉన్నవన్నీ వెలిసిపోయిన బట్టలే. బొంత నడుమ పెట్టడానికి నిండు రంగు ఒకటి కావాలి. అత్త అప్పుడు ఊళ్లో లేదు. మామ ఏడాది కార్యానికి చెన్నూరు పోయింది. అవ్వ ఆమె సందుగ తెరిచింది.

లోపల అత్త పెళ్లి చీర ఉంది. ఎర్రది, సన్నని జరీ అంచు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

"అవ్వా, గది అత్తది గద" అన్నాను.

"ఇగ ఆమె కట్టేది ఉన్నదా? పెట్టెల పురుగులు తినేదానికన్న నయం" అంటూ అవ్వ కత్తెర పెట్టింది. చీర పొడుగునా ఆ కత్తెర నడిచిన చప్పుడు నాకు ఇంకా వినపడుతుంది.

అత్త తిరిగొచ్చేసరికి సగం కుట్టిన బొంత నడింట్లో పరిచి ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో మూట కింద పెట్టి, వంగి, ఎర్రముక్కల మీద వేళ్లతో తడుముకుంటూ పోయింది.

"వదినె, గిది నా పెండ్లి చీరె" అంది.

"అయితేంది? మల్ల కట్టుకుంటవా?"

"కట్టుకుంటెనే చీరెనా?"

అవ్వ సూది ఆపి తలెత్తింది. "ఉండేది నా ఇంట్ల. తినేది నా కూడు. ఒక్క చీరె ముక్కకు నన్ను నిలబెట్టి అడుగుతున్నవా?"

అత్త మూట తీసుకుని లోపలికి పోయింది. ఆ పూటనుంచి ఇద్దరికీ మాటలు తెగిపోయాయి. అవ్వకు అత్తను తిట్టాలనిపిస్తే వాకిట్లో కోడిని తిట్టేది. "తిని తిని ఇంటిమీద పడ్డవ్, సిగ్గు లేదు" అని కోడిని అంటుంటే, అత్త ఆ కోడికే నూకలు వేసేది. అత్త తెచ్చిన నీళ్లు అవ్వ తాగేది కాదు, తానే బిందె పట్టుకుని బావికి పోయేది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పాల్సింది నాతో చెప్పి పంపేవాళ్లు. పక్కగదిలో ఉన్న మనిషికి నేను పోయి చెప్పాలి. బాపు రెండు మూడు సార్లు నోరు తెరవబోయి, ఇద్దరి చూపులూ చూసి, ఎడ్లకు గడ్డి వేసే నెపంతో బయటికి నడిచాడు. ఆ నెల ఆయన ఆదిలాబాద్‌కు తోలినన్ని బండ్లు ఎన్నడూ తోలలేదు.

బొంత పూర్తయింది. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. నడుమ ఎర్రటి తామరపువ్వు, చుట్టూ నీలం, ఆకుపచ్చ చదరాలు. బళ్లో తాడు కట్టి వేలాడదీశారు. పక్కన దిండు గలీబులు, ఊలు స్వెట్టర్లు, పూసల తోరణాలు ఉన్నా వచ్చినవాళ్లందరూ బొంత దగ్గరే ఆగుతున్నారు. అవ్వ దాని పక్కన కొత్త రవికె వేసుకుని నిలబడింది. కాసేపటికి అత్త వచ్చింది. తెల్లచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని బొంతకు రెండో పక్కన నిలబడింది.

గ్రామసేవిక ఎవరో పెద్ద ఆఫీసరు గారి భార్యను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ తామరపువ్వు మీద చెయ్యి వేసి, ఈ ఎరుపు ఎంత బాగుంది, ఈ బట్ట ఎక్కడ కొన్నారమ్మా అని అవ్వను అడిగింది. అవ్వ నోరు విప్పేలోగా అత్త చెప్పింది.

"కొన్నది గాదమ్మా. నా పెండ్లి చీరె. నేను మా ఆయన కార్యానికి పోయినప్పుడు మా వదినె కోసింది."

గొంతు పెంచలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆవిడ చెయ్యి బొంత మీదినుంచి జారిపోయింది. ఆ తరువాత వచ్చినవాళ్లకు కూడా, అడిగినా అడక్కపోయినా, అత్త అదే మాట చెప్పింది. ఇది కొంగు, ఇది కుచ్చెళ్లు, ఇది తలంబ్రాలప్పుడు పసుపు అంటిన చోటు అని వేలు పెట్టి చూపించింది. జనం పలచబడ్డారు. అవ్వ ముఖం నల్లబడింది.

"కుట్టింది నా చెయ్యి గాదా?" అంది, ఇన్నాళ్ల తరువాత మొదటిసారి నేరుగా అత్తతో.

"కుట్టు నీదే. మంచిగున్నది. నేను కాదన్ననా?" అంది అత్త.

బహుమతి దిండు గలీబులకు పోయింది. ఇంటికి పోయే దారిలో అవ్వ ముందు, అత్త వెనక, నడుమ నేను. ఇంట్లో అడుగు పెట్టగానే అవ్వ ఆ బొంతను తెచ్చి అత్త కాళ్ల ముందు పడేసింది.

"ఏరుకో. గంత ముద్దయితే ముక్కలు ముక్కలు ఏరుకో. నా కష్టమంత నీ కాళ్లకింద పోయి నువ్వు సల్లగుండు."

మరునాడు పొద్దెక్కాక అత్త బొంత తీసుకుని వాకిట్లో ఎండలో కూర్చుని నన్ను పిలిచింది. నాకు అవ్వ మీద మండిపోతోంది. ఊరంతా చూస్తుండగా నేను తల వంచుకుని నడిచి వచ్చింది ఆమె వల్లే కదా. విప్పుదామని అత్త అనగానే నేను అవ్వ కత్తెర పట్టుకొచ్చి కుట్టు కింద దూర్చాను. అత్త వేలికి ఇత్తడి అంగుస్తానా ఉంది, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునేది. దానితో నా చేతి మీద టక్కున కొట్టింది.

"కత్తెర ముట్టకు. గివి మీ అవ్వ బట్టలు. గా ఆకుపచ్చది నిన్ను కన్నప్పుడు ఆమె కట్టిన చీరె. ఆత్రంగ గుంజితే చినుగుతది."

"ఆమె నీది కోసింది గదత్తా."

"కోసింది. గందుకే నేను కొయ్య. ఆమె చేసిందే నేను చేస్తె, ఇగ ఆమెకు నాకు పంచాది దేనికి?"

సూదిమొనతో ఒక్కో కుట్టునూ లేపి, దారం తెగకుండా లాగి, కండెకు చుట్టడం నేర్పింది. కుట్టడానికంటే విప్పడానికే ఎక్కువ ఓపిక కావాలి. అవ్వ కుట్టు అంత దగ్గర. రోజూ ఎండ ఉన్నంతసేపూ కూర్చునేవాళ్లం. అవ్వ గడపలో నిలబడి గోడతో మాట్లాడేది. "విప్పు, విప్పు. ఇండ్లు కూడ గట్లనే విప్పుతరు గీసొంటోల్లు." అత్త చెయ్యి తొందరపడేది కాదు, ఆగేది కాదు. ఒకసారి నా సూది తగిలి నీలం ముక్కలో ఒక పోగు లేచింది. అత్త దాన్ని గోటితో సర్ది, తడి చేసి, మళ్లీ నేతలో కూర్చోబెట్టేదాకా పక్క ముక్క ముట్టలేదు.

అంతా విడిపోయాక ఎర్రముక్కలు మూటగట్టి సందుగలో పెట్టుకుంది. మిగిలిన బట్టలన్నీ ఉతికి, ఆరేసి, అంచుకు అంచు కలిపి మడిచి, దారపు కండె పైన పెట్టి వంటింటి గడప మీద ఉంచింది. అవ్వ ఒక్కొక్కటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. చిరుగు వెతుకుతోందని నాకు అర్థమైంది. ఒక్క చిరుగు దొరికినా చాలు, ఊరంతా ఎత్తి చూపేది. ఆఖరి ముక్కదాకా చూసింది. ఎక్కడా ఏమీ లేదు. ఆ బట్టలన్నీ ఒళ్లో పెట్టుకుని, వాటికి అంటుకున్న ఒక జరీపోగును వేళ్లతో తీసింది.

సాయంత్రం నన్ను పిలిచింది. "మీ అత్తను అడుగు. గీ జరీపోగు నా బట్టలకు అంటుకొని వచ్చింది. ఆమెకు కావాల్నా?"

అత్త నాలుగడుగుల దూరంలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది. "కావాలె అని చెప్పు" అంది.

వాళ్లిద్దరూ కలిసిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. అత్త చివరిదాకా మా ఇంట్లోనే ఉంది. కారం నూరడం దగ్గర, బావితాడు దగ్గర, నా పెళ్లి మాటల దగ్గర పోట్లాడుకుంటూనే ఉన్నారు. అవ్వ ఏనాడూ తప్పయిందనలేదు. అత్త ఏనాడూ పోనీలే అనలేదు. కానీ అవ్వ ఆ సందుగ మీద మళ్లీ చెయ్యి వెయ్యలేదు. ఎవరైనా మా అత్త గురించి చెడ్డగా మాట్లాడబోతే, "మా పంచాది మాది, మీకేంది" అనేది.

నేనూ మెత్తటిదాన్ని కాను. ఈ వయసులోనూ నాకు మాటల్లేని మనుషులు ఉన్నారు. మా మేడ మీది వాటాలో ఉండే ఆమె ఒకసారి నా కోడలిని నలుగురిలో అనరాని మాట అంది. అప్పటినుంచి ఎదురుపడినా ముఖం తిప్పుకుంటాను. పోయిన వానాకాలం ఆమె ఇంటికి తాళం వేసి ఎక్కడికో పోయింది, డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, చినుకు పడకముందే బట్టలన్నీ తీసి, మడిచి, ఆమె తలుపు ముందు కుర్చీలో పెట్టి వచ్చాను. ఆమెతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. మాట్లాడే ఉద్దేశం కూడా లేదు.