రంగు పూసిన ఇంజను

మా ఇంట్లో నాకంటే మా వ్యానుకే గౌరవం ఎక్కువ. మామగారు చీరల మూటలు వేసుకుని తిరగడానికి కొన్న బండి అది. ఆయన పోయాక మావారు వెనక సీట్లు తీయించి, పడుకోవడానికి బల్ల, చిన్న గ్యాసు పొయ్యి పెట్టించారు. మిగిలిపోయిన జాకెట్టు గుడ్డలతో కిటికీలకు తెరలు నేను కుట్టాను. గుడివాడ వెళ్ళినా, బందరు వెళ్ళినా, చేనేత చీరలు అమ్ముకుని ఆ బండిలోనే వండుకు తిని పడుకుంటాం. లాడ్జీలంటే నాకు నమ్మకం లేదు.

నిజం చెప్పాలంటే నాకు చాలావాటి మీద నమ్మకం లేదు. పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూశాక గానీ పట్టును పట్టు అని ఒప్పుకోను. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా కాల్చి చూస్తుందేమోనని భయపడ్డాను" అని మావారు వచ్చినవాళ్ళకల్లా చెబుతారు. అనుమానం పెనుభూతం అంటారు. మా వ్యాపారంలో ఆ భూతమే మమ్మల్ని కాపాడింది.

పోయిన ఏడాది కంకిపాడు దాటుతుండగా వ్యాను వెనక నల్లటి పొగ కమ్మేసింది. ఎలాగో ఆటోనగర్‌లో మాకు తెలిసిన షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాం. మెకానిక్ విప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇంజను లోపల బోరు బాగా అరిగిపోయిందండీ, ఆయిలు తాగేస్తోంది. దీన్నే బాగుచెయ్యాలంటే సామాను దొరకడానికే నెలలు పడుతుంది. ఇదే మోడలు ఇంజను ఇంకోటి దొరికితే మార్చెయ్యడం తేలికండీ."

ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మావారు నా తమ్ముడికి ఫోన్ చేశారు. వాడు హనుమాన్ జంక్షన్‌లో పాత బళ్ళ సామాను కొని అమ్ముతాడు. ఎక్కడా దొరకదన్న ఇంజను వాడికి వారం తిరక్కుండా దొరికింది. నా అనుమానం అక్కడే మొదలైంది.

తమ్ముడు ట్రాలీ ఆటోలో తెచ్చిన ఇంజనును షెడ్డులో దించారు. ఒళ్ళంతా కొత్త వెండిరంగు. పాత ఇంజనుకి నూనె జిడ్డు, మసి ఉండాలి గదా, దీనికి పెళ్ళికూతురు ముస్తాబు ఎందుకు?

"ఎక్కడిదిరా ఇది?"

"కంకిపాడు దగ్గర ఒక రైతుదక్కా. షెడ్డులో ఊరికే పడుంది."

"ఆయన నంబరియ్యి, మాట్లాడతాను."

"ఆయన పోయారక్కా."

"పిల్లలు లేరా?"

"ఉన్నారనుకో. ఇప్పుడు వాళ్ళతో ఎందుకు?"

బుడమేరు వాగు పొంగి బెజవాడలో సగం మునిగినప్పుడు గుణదలలో మా ఇంటి వెనక వీధిలో కార్లు కప్పుల దాకా నీళ్ళలో ఉండటం నేను చూశాను. ఆ తర్వాత వాటిని కడిగి, రంగులేసి అమ్మేస్తున్నారని ఊరంతా చెప్పుకున్నారు. మునిగిన ఇంజను వారం బాగానే తిరగొచ్చు, ఏడాదీ తిరగొచ్చు. హైవే మీద ఎప్పుడు బిగుసుకుపోతుందో చెప్పలేం. అప్పుడు స్టీరింగు ముందు ఉండేది మావారు.

మెకానిక్‌ని అడిగాను. "ఇప్పుడైతే స్టార్టవుద్దండీ" అన్నాడు. తర్వాత సంగతి అడిగితే స్పానర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మావారు నన్ను పక్కకు పిలిచారు. "సొంత తమ్ముణ్ణి కూడా అనుమానించాలా? పాపం, పని మానుకుని వచ్చాడు."

 పెళ్ళయిన నాటినుంచి ఆయన మా పుట్టింటివాళ్ళను పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు నా తమ్ముడు మోసం చేస్తున్నాడని నేనే అంటే, ఆయన ముందు మా పుట్టింటి పరువు ఏం మిగులుతుంది? అనకపోతే ఆ ఇంజను మా బండిలో కూర్చుంటుంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

టీ తాగుదామని తమ్ముణ్ణి రోడ్డవతలికి తీసుకెళ్ళాను.

"నిజం చెప్పు. నీళ్ళలో మునిగిందా?"

"అమ్మవారి మీదొట్టక్కా, మునగలేదు."

ఇంత తేలిగ్గా వేసిన ఒట్టు నాకెందుకు? తల అడ్డంగా ఊపాను.

"నా మీదొట్టు. చాలా?"

"చాలదు. నా నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పు."

"రోడ్డు మీద ఇదేంటక్కా, అందరూ చూస్తున్నారు" అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాడికి అందేలా తల వంచి నిలబడ్డాను. అబద్ధపు ఒట్టు ఎవరి నెత్తిన వేస్తే వాళ్ళకే చావు అని మా ఇంట్లో అందరి నమ్మకం. వాడు చెయ్యెత్తాడు. ఆ నీడ నా మొహం మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తల మీద ఏమీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి వాడు ఆ చేతిని లుంగీకి తుడుచుకుంటున్నాడు.

"శుభ్రంగా కడిగించానక్కా" అన్నాడు నేలచూపులు చూస్తూ. "మునిగిన బళ్ళు చౌకగా వస్తున్నాయని తెగ కొనేశాను. ఎవరూ తీసుకోవట్లేదు."

"అందుకని నాకా?"

 చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అదే క్షణంలో, నా నెత్తిన చెయ్యి పెట్టలేకపోయాడన్న సంగతి ఆ కోపాన్ని నిలవనివ్వలేదు. టీ సగంలోనే వదిలేసి వాడు షెడ్డులోకి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"బావగారూ, ఈ ఇంజను నాకే నచ్చట్లేదు. మీకు ఇవ్వబుద్ధి కావట్లేదు. ఆలస్యమైనా మీ పాతదే బాగుచేయించుకోండి" అని చెప్పి, దాన్ని మళ్ళీ ట్రాలీలోకి ఎక్కించే పనిలో పడ్డాడు.

మావారు నావైపు తిరిగారు.

"చూశావా? బేరం వదులుకుని మరీ నిజం చెప్పాడు. అలాంటివాణ్ణి అనుమానించావు."

తమ్ముడు తాడు బిగిస్తూ ఆగిపోయాడు.

"అవునండీ" అన్నాను. "పొరపాటు నాదే."