మా కాలేజీలో అమెరికా అంతర్యుద్ధం

నేను చరిత్ర చెప్పే కాలేజీ ఏ ఊళ్ళో ఉందో రాయను. రాస్తే దొరికిపోతుంది. ఆ ఊళ్ళో డిగ్రీ కాలేజీ అదొక్కటే. కరీంనగర్‌కు అవతల, ఆదిలాబాద్‌కు ఇవతల ఎక్కడో అనుకోండి. ప్రైవేటు కాలేజీ. మా కరస్పాండెంట్‌ది పాత దొరల కుటుంబం. కోటలాంటి వాళ్ళ గడి కూలిపోయింది కానీ గడి వాళ్ళ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

అమెరికా అంతర్యుద్ధం మా బి.ఎ. సిలబస్‌లో ఉంది. తొమ్మిదేళ్ళుగా ఒకే నోట్సుతో చెబుతున్నాను. యుద్ధానికి కారణాలు పది మార్కులు, యుద్ధం తర్వాతి పునర్నిర్మాణం ఐదు మార్కులు. కొట్టుకోవడానికి పది, ఆ తర్వాత బతకడానికి ఐదు. ఇన్నేళ్ళలో ఎవరూ దీన్ని ప్రశ్నించలేదు. నేనూ ప్రశ్నించలేదు.

ఆ ఏడు వార్షికోత్సవానికి సినిమా డ్యాన్సులు వద్దని, ప్రతి డిపార్ట్‌మెంటూ జ్ఞానం పంచే కార్యక్రమం చేయాలని కరస్పాండెంట్ ఆజ్ఞాపించారు. కామర్స్ వాళ్ళు పన్నుల మీద ఒక నాటిక పట్టుకున్నారు. నేను అంతర్యుద్ధం వేస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

వేషాలు పంచేటప్పుడే మొదటి చిక్కు వచ్చింది. అందరికీ ఉత్తరాది సైన్యమే కావాలి. కొందరు దక్షిణాదికి కూడా ఒప్పుకున్నారు, తుపాకీ ఉంటుంది కాబట్టి. ఇద్దరమ్మాయిలు అధ్యక్షుడి వేషం కోసం పోట్లాడుకున్నారు, పొడుగు టోపీ కోసం. బానిస వేషానికి మాత్రం ఒక్కరూ చెయ్యెత్తలేదు.

"వీడియో తీసి స్టేటస్ పెడ్తరు సార్," అన్నాడొకడు. "లగ్గమయ్యేదాంక గదే పేరుంటది."

ఆ మాటలు జరుగుతున్నప్పుడు సెమినార్ హాలు ఊడుస్తున్నది మా ఆయమ్మ. యాభై అయిదు దాటిన మనిషి. గంట కొట్టేది ఆమే, తాళాలు తీసేది ఆమే, ఆలస్యంగా వచ్చినవాణ్ణి గేటు దగ్గర ఆపి వాడి వంశం మొత్తాన్ని తలచుకునేదీ ఆమే. ఆదివారం మిషన్ చర్చిలో పాడుతుంది. ఆమె గొంతెత్తితే పాస్టర్‌కు మైకు అక్కర్లేదంటారు. చీపురు గోడకు ఆనించి నా దగ్గరికొచ్చింది.

"గా వేషం నేనేస్త సార్. నాకు స్టేటస్ గీటస్ లేదు."

రిహార్సల్లో పత్తి ఏరే సీను వచ్చింది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి ఇంటి చేను నుంచి పత్తి కట్టెలే తెచ్చాడు, కాయలతో సహా. మా పిల్లలు వాటిని దేవుడికి పువ్వులు కోసినట్టు కోస్తున్నారు. ఆయమ్మ చూసి చూసి తట్టుకోలేకపోయింది.

"పత్తి ఏరుడు గట్ల కాదే. మూడేండ్లు గుంజితె గోర్లు పోయినయి నాకు. నడుం వంచుండ్రి ముందుగాల."

అరగంటలో అందరి నడుములూ పట్టేశాయి. నాటకం మెరుగైంది.

తర్వాత విముక్తి సీను. అధ్యక్షుడు కాగితం చదువుతాడు, బానిసలు ఏడుస్తూ ఆయన కాళ్ళ మీద పడతారు, తెర. నేను రాసిందే. రాసినప్పుడు నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయమ్మ పడలేదు.

"ఎందుకు పడాలె సార్?"

"కృతజ్ఞత ఆయమ్మా. స్వేచ్ఛ ఇచ్చిండు గదా."

"పడుడు వాళ్ళకు కొత్తనా? ఇన్నేండ్లు పడుకుంటనే ఉండిరి. ఇగ స్వేచ్ఛ వచ్చినంక గూడ పడుడేనా? నాకు మోకాళ్ళ నొప్పులు. నేను నిలబడి వింట."

సరేనన్నాను. ఆమె ఊరుకోలేదు. "తర్వాత ఏమైంది?"

"తెర పడుతది."

"గది నాటకంల. వాళ్ళకేమైంది?"

బెంచీ మీద కూర్చుని చెప్పాను. తొమ్మిదేళ్ళలో ఆ ఐదు మార్కుల సంగతి నన్ను అడిగి చెప్పించుకున్నది ఆమె ఒక్కతే. కొందరికి నలభై ఎకరాల చొప్పున భూమి ఇస్తామన్నారు, ఇచ్చినచోట మళ్ళీ గుంజుకుని పాత యజమానులకే అప్పజెప్పారు. మగవాళ్ళకు ఓటొచ్చింది. నిన్నటి బానిసలు కొందరు చట్టసభల్లో కూర్చున్నారు. ముసుగులేసుకున్న గుంపులు ఇళ్ళ మీద పడ్డాయి. చివరికి పైవాళ్ళూ పైవాళ్ళూ రాజీపడ్డారు. కాపలా ఉన్న సైన్యం వెనక్కి పోయింది. పాత దొరలు మళ్ళీ కుర్చీలెక్కారు. ఓటు కాగితం మీద మిగిలింది.

"ఆడోళ్ళకు ఓటు ఇయ్యలేదా?"

"అప్పుడియ్యలే."

"అయితే సగం మంది లెక్కలనే లేరు." అన్నది. "భూమి సంగతి నేననుకున్నదే. మా అవ్వ గడిల నీళ్ళు మోసింది సార్. పొద్దుందాక మోసుడే. పండుగకో పాత చీర. వెట్టి పోయిందని చెప్పిన తెల్లారి గూడ మా అవ్వ బిందె వట్టుకొనే పోయిందంట. 'పోయింది సరే, మరి నీళ్ళెవరు తెస్తరు' అన్నదంట దొరసాని."

పక్కింటి వాళ్ళ గొడవ చెబుతున్నట్టు చెప్పింది. ఆ దొరసాని మా కరస్పాండెంట్‌కు నాయనమ్మ అవుతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ పైకి అనలేదు. గోడలకు చెవులుంటాయి, జీతం ఇచ్చే గోడలకు ఇంకా పెద్దవి.

చివరికి ఒక సీను పెరిగింది. ఆయమ్మ చట్టసభ సభ్యుడవుతుంది, మీసం పెట్టుకుని. ఒక్క మాట మాట్లాడుతుంది. పాత యజమాని వచ్చి ఆమెను లేపేస్తాడు. లైట్లు ఆరిపోతాయి. విషాదాంతం. నాకు బాగా నచ్చింది.

బట్టల కోసం మెట్‌పల్లి పోయాను. మా బాపు మరమగ్గం మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, మగ్గం చప్పుడు ఇంకా లోపలే ఉందంటాడు. ఉత్తరాది వాళ్ళకు నీలం, దక్షిణాది వాళ్ళకు బూడిద రంగు కావాలన్నాను.

"నీలం చీర తాన్లున్నయి, జరి అంచువి. బూడిద రంగంటే లోపల కుట్టే అస్తర్ గుడ్డనే ఉన్నది."

"సైన్యం అస్తర్ గుడ్డ కట్టుకుంటదా బాపు?"

"ఓడిపోయెటోళ్ళే గదా," అన్నాడు.

ఆ యుద్ధంతో మన ప్రాంతానికీ సంబంధం ఉందని గొప్పగా చెప్పాను. అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులు మన దేశం పత్తికి ఎగబడ్డాయని, ధర ఆకాశానికి పోయిందని. ఆయన అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు.

"పత్తి పిరమైతే నూలు పిరమైతది. మరి నేసెటోడు ఏం తిన్నడు?"

నా నోట్సులో అది లేదు.

మీసాలు హుజూరాబాద్‌లో వేషాలు అద్దెకిచ్చే దుకాణం నుంచి తెచ్చాం. అక్కడ ఉన్నవన్నీ రాక్షసుల మీసాలే. అందులో ఒకటి చట్టసభ సభ్యుడికి అతికిపోయింది.

వార్షికోత్సవం మధ్యాహ్నం మొదలైంది. ముందు సోఫాలో కరస్పాండెంట్, పక్కన ప్రిన్సిపాల్. యుద్ధం అనుకున్నదానికంటే తొందరగా ముగిసింది. ఉత్తరాది వీరులు జరి అంచులు కాళ్ళకు చుట్టుకుని వాళ్ళంతట వాళ్ళే పడిపోయారు. దక్షిణాది సైనికుడొకడు, ఎదురుగా వాళ్ళమ్మ కూర్చుని ఉందని, చావనే లేదు. అటు మూడు చెక్క తుపాకులు విరిగాయి, ఇటు రెండు. ఎలాగో ఉత్తరాది గెలిచిందని మైకులో ప్రకటించాల్సి వచ్చింది.

విముక్తి సీనులో ఆయమ్మ నిలబడే విన్నది. టోపీ అధ్యక్షురాలికి తర్వాత ఏం చేయాలో తెలియక తనే వంగి ఆమెకు దండం పెట్టింది.

ఆ తర్వాత చట్టసభ. నా పెళ్ళి కోటు తొడుక్కుని, రాక్షస మీసంతో ఆయమ్మ కుర్చీలో కూర్చుంది. "మా పోరగాండ్లకు బడి గావాలె, మాకు దున్నుకునే భూమి గావాలె," అన్నది. చప్పట్లు మోగాయి. పాత యజమాని వేషగాడు వచ్చాడు. లావుపాటి పిల్లవాడు, రోజూ గేటు దగ్గర ఆమె చేత తిట్లు తినేవాడు. భుజం పట్టుకోబోయాడు. ఆమె అతని వైపు చూసింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"లే ఆయమ్మా," అని గొణిగాడు. మైకు ఆ గొణుగుడును ఊరంతటికీ వినిపించింది.

"ఎందుకు లేవాలె? ఓట్లు పడ్డయి నాకు."

జనం నవ్వడం మొదలుపెట్టారు. నేను తెర పక్క నుంచి తల బయటపెట్టాను. "ఆయమ్మా, చరిత్రల లేపిండ్లు."

"చరిత్రల తుపాకులు వట్టుకొని వచ్చిండ్లన్నరు సార్ మీరు. వీడు ఉత్త చేతులతోని వచ్చిండు."

పిల్లవాడు నిజంగానే లోపలికి పరిగెత్తాడు. తుపాకులన్నీ యుద్ధంలో విరిగిపోయాయి కదా, చేతికి దొరికిన చీపురు పట్టుకొచ్చాడు.

"గది నా చీపురు. ఎక్కడిదక్కడ పెట్టిరా."

వాడు పెట్టడానికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతుంటే ఆమె వేలితో అతికించుకుని అలాగే కూర్చుంది. ఎవరో తెర లాగారు. నా విషాదాంతం పోయింది. పిల్లలు వేసిన ఈలలకు పైకప్పు రేకులు అదిరాయి.

కరస్పాండెంట్ కూడా నవ్వారు. స్టేజీ ఎక్కి ఆమెకు శాలువా కప్పి, "ఆయమ్మ మా ఇంటి మనిషి," అని మైకులో చెప్పారు. ఫొటోలు దిగారు. దిగుతూ దిగుతూ ఆమెతో మెల్లగా అన్నారు. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఆదివారం చుట్టాలొస్తుండ్రు. జర పొద్దుగాల్నే రా."

ఈ ఆదివారాల సంగతి చెప్పాలి. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆయమ్మ చర్చి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయి మెట్లు కడిగేది, బోళ్ళు తోమేది. దానికి జీతం లేదు, పేరు కూడా లేదు. కాలేజీ వాచ్‌మన్ పోయి తోటకు నీళ్ళు పెట్టేవాడు. నేను పోయి వాళ్ళ మనవడికి పాఠం చెప్పేవాణ్ణి. ట్యూషన్ అనరు దాన్ని. "జర చూడు మాస్టరూ" అంటారు. వారమంతా క్లాసులో బానిసత్వానికి నిర్వచనం రాయించి, ఆదివారం ఆ గేటు దగ్గర చెప్పులు విప్పేవాణ్ణి.

ఆయమ్మ మీసం పూర్తిగా పీకి చేతిలో పట్టుకుంది.

"ఆదివారం చర్చికి పోత సార్."

"చర్చి అయినంకనే రా."

"అయినంక ఇంటికి పోత."

గొంతు పెంచలేదు. ఆయన ముఖం మీద నవ్వు ఫొటో కోసం పెట్టుకున్నది అలాగే ఉండిపోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, చరిత్రను వక్రీకరించినందుకు సంజాయిషీ రాసివ్వమన్నారు. రాసిచ్చాక అసలు మాట చెప్పారు. "నువ్వే మొదలుపెట్టినవ్, నువ్వే పోయి ఆమెకు సమజ్ చెయ్."

శనివారం పొద్దున ఆయమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. నాకు పీట వేసి, ఒక గుప్పెడు కాయలు నా ముందు కూడా పోసింది. ఒలుస్తూ చెప్పాల్సింది చెప్పాను.

"సోమవారం వస్త, కాలేజీకి. తొమ్మిదింటికి గంట గొడ్త. గది నా నౌకరి."

"నౌకరి తీసేస్తే?"

"తీసేస్తరేమో."

"భయం లేదా?"

"ఎందుకు లేదు సార్. గా కుర్చీల కూసున్నప్పుడు గూడ కాళ్ళు వణికినయి. లేచి నిలబడితె అందరికి కనబడ్తదని లేవలే."

చిక్కుడుకాయలన్నీ అయ్యేదాకా కూర్చుని లేచాను.

నౌకరి తీసేయలేదు. నెల రోజులు హాస్టల్ మరుగుదొడ్ల పనికి పంపారు. గంట, తాళాల బాధ్యత వాచ్‌మన్‌కిచ్చారు. అతను మూడో పీరియడ్‌కే ఇంటి గంట కొట్టేవాడు. తాళాలగుత్తిలో ఏది దేనిదో ఎవరికీ తెలియక, ఒకరోజు ప్రిన్సిపాలే తన గది బయట గంటసేపు నిలబడ్డారు. ఆమె గుత్తి, ఆమె గంట ఆమెకు తిరిగొచ్చాయి. కరస్పాండెంట్ ఇంట్లో మెట్లు కడగడానికి నెల జీతానికి ఒకామెను పెట్టుకున్నారు. దాంతో వాచ్‌మన్‌కు కూడా ఆదివారం ఒళ్ళు బాగుండటం మానేసింది.

నేనా? నేను ఇంకో ఆరు ఆదివారాలు పోయాను. దాచడమెందుకు. పోయిన ప్రతిసారీ ఆ కడిగిన మెట్లెక్కుతూ సాకు వెతుక్కునేవాణ్ణి. ఏడో ఆదివారం మెట్‌పల్లి బస్సులో కూర్చుని ఫోన్ చేశాను. "ఆదివారాలు కుదరదు సార్ ఇగ." బస్సు హారన్ మధ్యలో సగం ఆయనకు వినపడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే కష్టమైంది. "మంచిది," అని పెట్టేశారు. ఆ ఏడు నా కాంట్రాక్టు కాగితం అందరికంటే నెల ఆలస్యంగా వచ్చింది.

సోమవారం గేటు దగ్గర ఆయమ్మకు చెప్పాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఎదురుంగ పోయి చెప్పిండ్రా?"

"ఫోన్ల."

తాళాలగుత్తి నడుముకు దోపుకుంది. "సరే తియ్యిండ్రి, గంతన్న చెప్పిండ్రు," అని గంట కొట్టడానికి పోయింది.